రక్తఫలకికలు తగ్గిన వేళ వ్యాయామం ఎంతవరకు? – మూలకణ మార్పిడి అయిన ఇంటి నుండి ఒక వైద్యుని అనుభవం

ముప్పయి ఏళ్లుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను. నా వద్దకు వచ్చినవారికి మందు రాసి ఇచ్చే ముందు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "రోజుకు ఎంత దూరం నడుస్తున్నారు?" మధుమేహానికీ, మలబద్ధకానికీ, నిద్రలేమికీ, మనోవ్యాకులతకూ నడకను మించిన ఔషధం లేదన్నది నా నమ్మకం. ఆ నమ్మకంలో ఇప్పటికీ మార్పు లేదు. అయితే 2022వ సంవత్సరంలో మా ఇంటికి వచ్చిన కష్టం ఆ నమ్మకానికి ఒక హద్దు గీసింది. ఆ హద్దు ఎక్కడ ఉన్నదో తెలియక నేను చేసిన పొరపాటును కూడా దాచకుండా ఇక్కడ చెప్పదలచాను. పాఠకులలో ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి రోగి ఉంటే నా పొరపాటు వారికి ఉపయోగపడగలదు.

మా తమ్ముడు బ్యాంకు ఉద్యోగి. యాభై ఒకటో ఏట అతనికి తీవ్రమైన రక్త క్యాన్సరు సోకింది. కీమోథెరపీ వల్ల రోగం అణగినా, తిరిగి రాకుండా ఉండాలంటే మూలకణాల మార్పిడి అవసరమని వైద్యులు తేల్చారు. తోబుట్టువులలో ఒకరి కణజాలం మరొకరితో పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు మాత్రమే. భగవదనుగ్రహం వల్ల నాది సరిపోయింది. నాలుగైదు రోజులు సూదిమందు ఇచ్చి, మూలుగలోని మూలకణాలు రక్తంలోకి వచ్చేటట్లు చేసి, యంత్రం ద్వారా కొన్ని గంటలపాటు వాటిని సేకరించారు. నడుము, తొడ ఎముకలు కాస్త సలిపినవి. అంతకుమించి నేను పడిన కష్టమేమీ లేదు. అసలు కష్టమంతా తమ్ముడిదే.

ఈ చికిత్స కొత్తదేమీ కాదు. అమెరికాలో డొనాల్ థామస్ 1957లోనే మూలుగ మార్పిడిని ప్రయత్నించాడు. అందుకు ఆయనకు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 1983లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఇది మొదలైంది. శక్తివంతమైన మందులతో రోగి మూలుగను దాదాపు ఖాళీ చేసి, దాత మూలకణాలను సెలైను ఎక్కించినట్లే నరంలోకి ఎక్కిస్తారు. ఆ దినాన్ని సున్నా రోజు అంటారు. ఆ కణాలు తమంతట తామే ఎముకలలోకి చేరి, నాటిన నారు వేరు తన్నుకున్నట్లు నిలదొక్కుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈ మధ్యకాలమే గండం. తెల్ల కణాలు లేక అంటురోగాలు, ఎర్ర కణాలు లేక నీరసం, రక్తఫలకికలు లేక రక్తస్రావం. తెల్ల కణాలు ముందుగా కోలుకుంటాయి. రక్తఫలకికలు, అంటే అందరూ ప్లేట్‌లెట్లు అని పిలిచేవి, సాధారణంగా అందరికంటే వెనుక వస్తాయి. కొందరిలో నెలలు పట్టవచ్చు.

ఆరోగ్యవంతుని రక్తంలో ఘన మిల్లీమీటరుకు ఒకటిన్నర లక్షల నుండి నాలుగున్నర లక్షల వరకు ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఎనిమిది, పది రోజులు బ్రతుకుతుంది. మనం కూర్చున్నా లేచినా సన్నని రక్తకేశనాళికలలో కంటికి కనిపించని చిన్న చిన్న చీలికలు పడుతూనే ఉంటాయి. ప్లేట్‌లెట్లు వాటిని ఎప్పటికప్పుడు పూడ్చివేస్తూ ఉంటాయి. ఆ పని ఆగినప్పుడు దెబ్బ తగలకుండానే రక్తం చిమ్మవచ్చును. అందుకే సాధారణంగా పదివేల కంటే తగ్గగానే రక్తస్రావం కనబడకపోయినా ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు.

మొదటి తప్పు: కదలనివ్వకపోవడం

సున్నా రోజు తరువాత అయిదో నాటికి తమ్ముడి సంఖ్య తొమ్మిది వేలకు పడిపోయింది. ఈ అంకె వినగానే మా ఇంటిల్లిపాదికీ గుండె జారిపోయింది. మరదలు అతన్ని మంచం దిగనివ్వలేదు. మంచినీళ్ల గ్లాసు కూడా నోటికి అందించేది. "బావగారూ, మీరైనా చెప్పండి, ఈయన లేచి కూర్చుంటానంటున్నారు" అని ఫోనులో వాపోయేది. నేనూ సరేనన్నాను. వారం గడిచేసరికి అతని తొడలు సగమైనాయి. బాత్‌రూములో కమోడు మీద నుండి లేవలేక చేయి ఆసరా అడిగాడు. ఇరవై ఏళ్లు ఉదయం షటిల్ ఆడిన మనిషి!

ఆ మరునాడు ఆసుపత్రి ఫిజియోథెరపిస్టు వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండని అమ్మాయి. నేను వైద్యుడినని తెలుసుకొని ఎంతో వినయంగానే మాట్లాడింది కానీ చెప్పవలసినది మాత్రం మొగమాటం లేకుండా చెప్పింది. "డాక్టరు గారూ, పడుకోబెడితే రక్తస్రావం ఆగదండి, కండ ఆగదు. పైగా ఊపిరితిత్తుల అడుగుభాగం గాలి ఆడక న్యుమోనియాకు చోటిస్తుంది. రేపు స్టెరాయిడ్లు మొదలుపెడితే తొడ కండరాలు ఇంకా కరుగుతాయి. ఈ కాస్త బలమైనా మనం కాపాడుకోవాలి గదండీ."

ఆ అమ్మాయి మాటలకు ఆధారం ఉన్నదని తరువాత చదివి తెలుసుకున్నాను. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో డిమెయో అనే వైద్యుని బృందం, అధిక మోతాదు కీమోథెరపీ తరువాత తమ మూలకణాలనే తిరిగి ఎక్కించుకున్న డెబ్బై మంది రోగులను పరిశీలించి 1997లో ఫలితాలు ప్రకటించింది. కొందరి చేత పడుకున్న భంగిమలోనే పెడళ్లు తొక్కే యంత్రంపై రోజూ అరగంట, మధ్య మధ్య విశ్రాంతితో వ్యాయామం చేయించారు. వారి శరీరదారుఢ్యం మిగిలినవారికంటే తక్కువగా క్షీణించింది. రక్తకణాలు తగ్గి ఉన్న రోజులు కూడా వారికి తక్కువే. కనుక "ప్లేట్‌లెట్లు తక్కువ, కదలవద్దు" అన్న మాట పూర్తిగా నిజం కాదు. ఎంత కదలాలి, ఎలా కదలాలి అన్నదే ప్రశ్న.

అంకె చూసి అడుగు

ఆ అమ్మాయి గోడకు ఒక కాగితం అంటించింది. ఈ అంకెలు పరిశోధనలకంటే వైద్యుల అనుభవం మీద ఎక్కువగా ఆధారపడినవి. ఆసుపత్రికీ ఆసుపత్రికీ కొంత తేడా ఉంటుంది. మీ వైద్యుడు చెప్పిన అంకే మీకు ప్రమాణం. మాకు చెప్పినది ఇది.

పదివేల లోపు ఉన్న రోజున వ్యాయామం అన్న పేరే తలపెట్టరాదు. మంచం మీద పాదాలను పైకీ కిందికీ ఆడించడం, మెల్లగా లోతుగా శ్వాస తీసుకోవడం, ఒకరి తోడుతో కుర్చీలో కూర్చోవడం, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, అంతే. పది నుండి ఇరవై వేల మధ్య గదిలో మెల్లగా నడవవచ్చు, నిలబడి చేతులు కాళ్లు ఆడించవచ్చు, కానీ బరువు పట్టరాదు, రబ్బరు పట్టీ లాగరాదు. ఇరవై వేలు దాటితే వరండాలో నడక, పట్టు లేకుండా సైకిలు యంత్రం తొక్కడం, మెత్తని పట్టీతో తేలిక వ్యాయామం. యాభై వేలు దాటిన తరువాతనే చిన్న బరువులు, కాస్త వేగం. పరుగు, గెంతడం, ఆటల మాట ఆ పైన, వైద్యుడు అనుమతించినప్పుడు మాత్రమే.

అంకె ఒక్కటే చాలదు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, ఎక్కడైనా రక్తం కారుతున్నా, కళ్లు తిరుగుతున్నా, హిమోగ్లోబిన్ బాగా పడిపోయినా ఆ రోజుకు విశ్రాంతే. రక్తపోటు సంగతి అసలు మరువరాదు. మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్ వంటి మందులు రక్తపోటును పెంచుతాయి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండి రక్తపోటు ఎక్కువగా ఉండటం మెదడుకు చాలా ప్రమాదకరమైన జంట. అందుచేత మా తమ్ముడు నడకకు లేచే ముందు చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూడటం నియమంగా పెట్టుకున్నాము.

అన్నిటికంటే నాకు నచ్చినది ఆ అమ్మాయి నేర్పిన ఒక చిన్న ఉపాయం. కుర్చీలోంచి లేచేటప్పుడు బలహీనుడు తెలియకుండానే ఊపిరి బిగబట్టి ముక్కుతాడు. ఆ బిగింపుతో ఛాతీలో ఒత్తిడి పెరిగి, తలలోని, కళ్లలోని సన్నని నాళాలు ఉబ్బుతాయి. ప్లేట్‌లెట్లు ఉన్నవారికి అది లెక్కలోనికి రాదు. లేనివారికి అదే గండం. దీనికి విరుగుడుగా లేచేటప్పుడు పైకి వినిపించేటట్లు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టించేది. నోరు లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు గదా! రోజుకు అయిదు సార్లు కుర్చీలో కూర్చుని లేవడంతో మొదలైంది. వారం దాటేసరికి పది. వరండాలో సెలైను స్టాండు తోసుకుంటూ, మూతికి మాస్కు కట్టుకొని, జనసంచారం లేని మధ్యాహ్నపు వేళ నాలుగు చుట్లు. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లు. మాట తెగితే ఎక్కువైనట్లు.

ఇరవై నాలుగో రోజుకు ప్లేట్‌లెట్లు ఎక్కించకుండానే ఇరవై వేలు దాటాయి. ముప్పయ్యో రోజున ఆసుపత్రి దగ్గరే అద్దెకు తీసుకున్న ఇంటికి చేరాము.

రెండో తప్పు: అది నాది

నలభై ఒకటో రోజున అంకె 26,000. తమ్ముడి ముఖంలో కళ వచ్చింది. అన్నం రుచిస్తోందన్నాడు. "అన్నయ్యా, ఈ వరండా నడక నాకు విసుగెత్తిపోయింది, ఇంకేమైనా చెప్పు" అన్నాడు. నేను ఆలోచించకుండానే, "సూర్యనమస్కారాలు మూడు చెయ్యి, మెల్లగా" అన్నాను. జీవితమంతా అందరికీ చెప్పిన మాట, అలవాటుగా నోట వచ్చేసింది. అతను ఉత్సాహవంతుడు. నేను మూడు చెప్పాను, అతను మరునాటి నుండి పన్నెండు చేశాడు. ఊపిరి నిలిపి, తల మోకాళ్లకు ఆనించి, నడుము ఎత్తి తల దించి, చిన్ననాడు బడిలో నేర్చుకున్న పద్ధతిలోనే.

అదే రోజులలో అతని రక్తంలో ఒక వైరస్ తిరిగి తల ఎత్తిందని వైద్యులు మందు మొదలుపెట్టారు. సైటోమెగాలో వైరస్ అంటారు. చిన్నతనం నుండి చాలామంది శరీరాలలో నిద్రపోతూ ఉండి, రోగనిరోధకశక్తి అణగినప్పుడు లేస్తుంది. దానికి వాడే మందు మూలుగను అణచగలదు. ప్లేట్‌లెట్లు మళ్లీ తగ్గవచ్చునని నాకు తోచవలసింది. తోచలేదు.

నలభై అయిదో రోజు తెల్లవారుజామున మరదలు నన్ను లేపింది. "బావగారూ, ఆయన కన్ను చూడండి." ఎడమ కంటి తెల్లగుడ్డు సగం నెత్తురు ముద్దలా ఉన్నది. రెప్పల మీద, చెంపల మీద ఆవగింజలు చల్లినట్లు ఎర్రని చుక్కలు. వేలితో నొక్కి చూశాను. దద్దురైతే నొక్కినప్పుడు తెల్లబడాలి. ఇవి తెల్లబడలేదు. అంటే చర్మం కింద చిమ్మిన రక్తమన్నమాట. నా చేతులు చల్లబడినాయి. తలనొప్పి ఉన్నదా అని అడిగాను. "కొంచెం ఉంది" అన్నాడు. ఆటోలో ఆసుపత్రికి చేరే పది నిమిషాలూ అతను మాట్లాడుతూనే ఉండాలని ఏవేవో ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. మా నాన్నగారి పొలం ఎన్ని కుంచాలు, పెద్దక్క పెళ్లి ఏ సంవత్సరం, ఇటువంటివి.

సంఖ్య 13,000. తలకు స్కాను తీశారు. మెదడులో రక్తస్రావం లేదు. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. కంటి ఎరుపు రెండు వారాలలో దానంతట అదే కరిగింది. పెద్ద డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి కోప్పడలేదు. "నాలుగు రోజుల క్రితం అంకె చూసి ఇవాళ వ్యాయామం చేయించకూడదండీ" అని మాత్రం అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి సుశ్రుతం తీసి చూసుకున్నాను. వ్యాయామం అర్ధశక్తి మేరకే చేయాలన్న నియమం మా విద్యార్థులందరికీ కంఠస్థం. నుదుట, ముక్కుపై, కీళ్లలో చెమట పొడిమి, నోరు ఎండటం మొదలైతే సగం బలం ఖర్చయినట్లు, అక్కడ ఆగాలి. నేను దానిని ఎన్ని వందలమందికి చెప్పి ఉంటానో! కానీ ఆ ప్రకరణంలోనే వ్యాయామం ఎవరికి పనికిరాదో కూడా ఆచార్యుడు చెప్పాడు. ఆ వరుసలో రక్తపిత్త రోగి, అంటే రక్తం స్రవించే స్వభావం గలవాడు, ఉన్నాడు. కృశించినవాడూ ఉన్నాడు. మా తమ్ముడు ఆ రెండూ. శ్లోకం నాకు వచ్చు. ఎదుట ఉన్న మనిషికి దానిని అన్వయించలేదు.

కనుక ఆసనాభ్యాసం గల కుటుంబాలకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ప్లేట్‌లెట్లు కోలుకునే వరకు తల కిందికి వచ్చే ఆసనాలు ఏవీ వద్దు. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, పాదహస్తాసనం మానాలి. కపాలభాతి, భస్త్రిక, కుంభకం అసలే వద్దు. మామూలుగా లోతుగా పీల్చి మెల్లగా వదిలే శ్వాస, కూర్చుని చేసే ధ్యానం, శవాసనం నిరపాయం.

ఇంటిలో చూసుకోవలసినవి

వ్యాయామంలో జరిగే ప్రమాదాలకంటే నడవబోయి పడటం వల్ల జరిగేవే ఎక్కువ భయపెట్టేవి. తడి బాత్‌రూము, గుమ్మం ముందు మడతపడిన పట్టా, పాదాలకు తగిలే పంచె కుచ్చెళ్లు, రాత్రి దీపం లేని నడవా, ఇవి శత్రువులు. ఇంట్లోనైనా వెనుక పట్టీ ఉన్న మెత్తని చెప్పులు తొడగాలి. పడక నుండి లేచినవాడు ఒక నిమిషం కూర్చుని, తల తిరగడం లేదని చూసుకొని అప్పుడు నిలబడాలి. ఛాతీలోనో చేతిలోనో గొట్టం అమర్చి ఉంటే ఆ వైపు చేతిని విసురుగా పైకి ఎత్తరాదు, ఈత నిషేధం. గ్యాసు బండ జరపడం, నిండు బకెట్టు ఎత్తడం, చంటిపిల్లలను ఎత్తుకోవడం ఇవన్నీ బరువు వ్యాయామాల కిందికే వస్తాయని మగవారు గుర్తించరు.

మలబద్ధకం కూడా అంతే. ముక్కడం బరువు ఎత్తడంతో సమానం. కాచి చల్లార్చిన నీరు తగినంత, బాగా ఉడికిన బీర, సొర, పొట్ల కూరలు, చాలకపోతే వైద్యుడు ఇచ్చిన మెత్తబరిచే మందు. ఎనిమా మాత్రం వద్దు. వస్తికర్మను సర్వరోగాలకూ వాడే నాబోటివారు ఈ ఒక్క చోట చేతులు కట్టుకోవాలి. పళ్లకు వేపపుల్ల కూడదు, అతి మెత్తని బ్రష్షు మాత్రమే. నలుగు పెట్టి రుద్దడం, ఒళ్లు పిసికించుకోవడం, ఆవిరి స్నానం వాయిదా వేయాలి. ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి సొంతంగా మింగరాదు. అవి ఉన్న కాసిని ప్లేట్‌లెట్లను కూడా పని చేయనివ్వవు.

మూలికల విషయంలో నా మాట పత్రిక పాఠకులకు రుచించకపోవచ్చు. డెంగీ నాటి నుండి బొప్పాయి ఆకు రసం ప్రతి ఇంటికీ తెలిసినదే. మా బంధువులు సీసాలలో పట్టుకొచ్చారు. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గే కారణం వేరు, ఇక్కడ వేరు. ఇక్కడ వాటిని తయారుచేసే కార్ఖానాయే కొత్తగా కట్టుకుంటున్నది. పైగా తెల్ల కణాలు లేనివానికి పచ్చి ఆకు రసం అంటే సూక్ష్మజీవుల రసమే. తిప్పతీగ రోగనిరోధకశక్తిని రెచ్చగొడుతుందని పేరు. దాత కణాలు రోగి శరీరం మీద తిరగబడకుండా మందులతో అణచి ఉంచినప్పుడు దానిని రెచ్చగొట్టడం ఎవరికి మంచిది? తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సంఘటనలను ముంబై వైద్యులు 2021లో ప్రకటించారు కూడా. పసుపు, అల్లం, వెల్లుల్లి వంటలో ఉడికిన మేరకు భయం లేదు. గుళికలుగా, కషాయాలుగా మోతాదు పెంచితే రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించగలవు. పంపరపనస, గ్రేప్ ఫ్రూట్ జాతి పండ్లు మార్పిడి మందుల మోతాదును రక్తంలో పెంచివేస్తాయి, తినరాదు. ఏది వాడదలచినా మార్పిడి చేసిన వైద్యునికి చెప్పి వాడాలి. నేను నా సొంత తమ్ముడికి ఆరు నెలలపాటు ఒక్క చూర్ణం కూడా ఇవ్వలేదు.

వ్యాయామం చేస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయని కొందరు ఆశపడతారు. శ్రమ చేసినప్పుడు ప్లీహంలో దాగినవి రక్తంలోకి వచ్చి అంకె కాసేపు పెరగవచ్చు. విశ్రాంతి తీసుకోగానే అవి తిరిగి వెళ్లిపోతాయి. దానిని నమ్ముకోరాదు.

చర్మంపై కొత్త ఎర్ర చుక్కలు, తగలకుండానే వచ్చిన కమిలిన మచ్చలు, పది నిమిషాలు నొక్కి పట్టినా ఆగని ముక్కు రక్తం, నల్లని మలం, ఎర్రని మూత్రం, ఎన్నడూ ఎరుగని తలనొప్పి, చూపు మసక, మాట తడబాటు – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఉదయం వరకు ఆగక ఆసుపత్రికి వెళ్లాలి. అందులో చివరి మూడూ కనబడితే నిమిషం కూడా ఆగరాదు.

కంటి సంఘటన తరువాత మరదలు ఒక నోటుపుస్తకం పెట్టింది. ప్రతి పుటలో తేదీ, ఆనాటి ప్లేట్‌లెట్లు, రక్తపోటు, జ్వరం, నడిచిన నిమిషాలు. రక్తపరీక్ష అయి రెండు రోజులు దాటితే అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టేది. ఆ రోజు వ్యాయామం ఒక మెట్టు కిందికి దిగవలసిందే. ఎవరూ చెప్పకుండా ఆమె తానే కల్పించుకున్న పద్ధతి అది. ఫిజియోథెరపీ అమ్మాయి దానిని చూసి ఫోటో తీసుకుంది.

నాలుగో నెలలో యాభై వేలు దాటాయి. ఏడో నెలలో లక్ష. అప్పుడు అరకిలో బరువులతో మొదలుపెట్టించారు. ఏడాది తిరిగాక బ్యాంకు ఉద్యోగంలో చేరాడు. షటిల్ ఆట ఇప్పుడు వారానికి మూడు రోజులు, జంటల ఆట మాత్రమే. మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు భోజనం చేసి పీట మీద నుండి లేస్తూ పైకే "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. పిల్లలు పకపకా నవ్వారు. మరదలు మాత్రం నవ్వలేదు. వడ్డిస్తున్న గరిటె ఆపి, అతను పూర్తిగా నిలబడే వరకు చూసి, అప్పుడు తరువాతి విస్తరి వైపు వెళ్లింది.